తలకిందుల పిట్ట

పాత కొట్టు,
వానలు మొదలైన వారం.

చెల్లెమ్మకు,

క్షేమమా అని అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. జవాబు రాయకపోయినా నాకేం దిగులు లేదు.

నిన్న దర్జీ కోటు మాస్టారు వచ్చాడు. అతని కత్తెర నాన్న చేతి పని. ఏటా ఈ రోజుల్లో రివిటు బిగించుకోవడానికీ, సాన పట్టించుకోవడానికీ తెచ్చేవాడు. ఈసారి చేతులూపుకుంటూ వచ్చి, టీ తాగి, లోకం కబుర్లన్నీ చెప్పి, లేచేముందు జేబులోంచి ఒక కొత్త కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. రివిటు ఉండాల్సిన చోట స్క్రూ ఉంది. "మీ చెల్లెలు చేసిందే. వదులైతే ఇంట్లోనే బిగించుకోవచ్చు. ఇదీ మీ ఇంటి పనే కదా" అన్నాడు. దాగలి దగ్గర బాబాయి సుత్తి ఆపి నా మొహంలోకి చూశాడు. నా మొహం ఎలా ఉందో ఊహించుకో, నీకు కడుపు చల్లబడుతుంది.

ఇది మన ఇంటి పని కాదు. ఎవరితోనూ అలా చెప్పకు. ఈ ఇంట్లో పద్ధతి నీకు తెలియంది కాదు. పని నేర్చినవాడు మొదటి కత్తెర సొంతంగా చేసి పెద్దవాడి ముందు పెడతాడు. పెద్దవాడికి నచ్చితే దాని మీద పిట్ట ముద్ర కొడతాడు. పిట్ట పడితే మేస్త్రీ, పడకపోతే కూలీ. బాబాయి కత్తెర మీద తాత కొట్టాడు, నా కత్తెర మీద నాన్న కొట్టాడు. నీ దాని మీద ఎవరూ కొట్టలేదు. బావ లేతు షెడ్డులో కూర్చుని కత్తెర అలుగులు చేసుకుంటావో, అగడ్తలు తవ్వుకుంటావో నీ ఇష్టం. మా ఇంటి పేరు మాత్రం నోట రానివ్వకు.

ఇక ఆ స్క్రూ. ఎవడు పడితే వాడు ఇంట్లో కూర్చుని బిగించుకుంటే ఇక మేస్త్రీ ఎందుకు? కొట్టుకొచ్చేవాళ్ళు సగం మంది బిగింపుకీ సానకీ వచ్చేవాళ్ళే. అది తెలిసే పుట్టింటి కంచంలో చెయ్యి పెట్టావు.

మీ అన్నయ్య.

లేతు షెడ్డు,
అదే నెల.

పెద్ద మేస్త్రీ గారికి,

ఉత్తరం చదివి మీ బావ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మీ ఇంటి పని అని నేను ఎవరితోనూ అనలేదు. కోటు మాస్టారు అన్నాడు. గుడ్డ కోసి చూసి అన్నాడు. కోసే చేతికి ఏ ఇంటి పనో తెలిసిపోతే దానికి నేనేం చెయ్యను? పద్ధతి సంగతి నాకు చెప్పక్కర్లేదు. పాలిషు చక్రం దగ్గర నా యవ్వనమంతా నల్లదుమ్ము పీల్చాను. నువ్వు సుత్తి పట్టుకుని అలుగుకి వంపు కొడుతుంటే పక్కనే నిలబడి చూశాను. అలుగులు రెండూ కొంచెం వంగి ఉండి, మూసేటప్పుడు మొదట్నుంచి కొస దాకా ఒక్క చుక్క దగ్గరే ఆనుతూ పోవాలని నీకంటే ముందు నాకే అర్థమైంది. నేను సుత్తి తీసుకుంటే, "ఎడమ చేత్తో కొడితే వంపు అడ్డం తిరుగుతుంది" అన్నారు. ఆ మాట నీది. నాన్న ఊరుకున్నారు. ఆయన ఊరుకోవడమే నాకు ఎక్కువ మండింది.

మొదటి కత్తెర నేనూ చేశాను, నీకు తెలుసు. నా చేతికి నేనే చేసుకున్నాను, ఎడమచేతి వాళ్ళకి పనికొచ్చేట్టు అన్నీ తిరగేసి. స్క్రూ మొట్టమొదట వేసింది దానికే. నాన్న మంచం పట్టాక ఆయన చేతిలో పెట్టాను. ఇటూ అటూ తిప్పి, ఒక్క ముక్క మాట్లాడకుండా సొరుగులో వేశారు. నువ్వు గుమ్మంలో నిలబడి, "ఎడమచేతి వాళ్ళకి కత్తెరలా? ఇక కుంటి కోళ్ళకి చెప్పులు కూడా చెయ్యి" అన్నావు. ఆ నెలాఖరుకి ఆ ఇంట్లోంచి వచ్చేశాను.

ఇప్పుడు విను. కుట్టుపని నేర్పే బడి వాళ్ళు పిల్లలందరికీ కత్తెరలు కొంటున్నారు. నమూనాలు అడిగారు. ప్రతి తరగతిలోనూ ఎడమచేతి పిల్లలు ఉంటారు, కుడిచేతి కత్తెరతో బొటనవేలు వాచిపోయి, మొద్దులని తిట్లు తింటారు. వాళ్ళకి వేరే కత్తెర ఇస్తానని చెబుతున్నాను. ఇంతవరకు ఈ మాట వాళ్ళకి చెప్పిన మేస్త్రీ ఎవడూ లేడు. ఆ పని నాకు వస్తే షెడ్డు నిలబడుతుంది, రాకపోతే షెడ్డులో నా సగం మూసి, మీ బావ పాత బోల్టుల పనికే వెళ్ళిపోతారు. దాచడం ఎందుకు? నేను ఆ బడిని నమ్ముకునే ఉన్నాను.

సొరుగులో ఉన్న నా కత్తెర పంపించు. నమూనాతో పాటు అదీ చూపిస్తాను. నీ చేతికి అది గడ్డి కూడా కొయ్యదు, నీకెందుకు?

చెల్లెలు.

పాత కొట్టు,
వానలు తెరిపి ఇచ్చాక.

షెడ్డు యజమానురాలికి,

సొరుగులో తుప్పు పట్టిన ఆకురాళ్ళు తప్ప ఏమీ లేవు. నాన్న పోయాక గదంతా సర్దాం. నీ బొమ్మ కత్తెర తుక్కులో పోయి ఉంటుంది.

బడి సంగతి చెప్పినందుకు సంతోషం. నేనూ నమూనా పెడుతున్నాను. పాత ఇల్లు పాత పద్ధతిలోనే చస్తుందని అనుకున్నావేమో. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడు. నా నమూనా చూశాక నువ్వు పాలిషు చక్రం దగ్గర కూర్చోవడమే మేలని నీకే తోస్తుంది.

బాబాయి నిన్ను అడిగినట్టు రాయమన్నాడు, రాశాను. మీ వదిన ఏమీ రాయమనలేదు.

అన్నయ్య.

లేతు షెడ్డు,
చలి మొదట్లో.

అన్నయ్యకు,

శుభాకాంక్షలు. పని నీకే వచ్చిందని బడి పెద్ద మేడమే నాకు చెప్పారు. ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నా కత్తెరలు మెత్తగా కోస్తున్నాయని పొగిడి చెప్పారు. మరి ఎందుకు కాదన్నారని అడిగితే, నీ కత్తెర తీసి నా ముందు పెట్టారు. స్క్రూ. ఎవడు పడితే వాడు బిగించుకుంటాడని నువ్వు చీదరించుకున్న స్క్రూ. నేను నోరు తెరిచే లోపే ఆవిడ పిట్ట మీద వేలు పెట్టి, "రెండిట్లోనూ స్క్రూ ఉంది. దీని మీద పాత ఇంటి ముద్ర కూడా ఉంది. నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోవాలి?" అన్నారు.

ఆవిడ తప్పేం లేదు. కొనేవాళ్ళు భరోసా కొంటారు. కానీ నీ సంగతి వేరు. నా అలుగులు పాత బస్సుల కమాను పట్టీలు కోసి చేసినవని ఆ మేడంతో అన్నావట. నా ఉక్కు నీ ఉక్కు కొనే దుకాణంలోంచే వస్తుందని నీకు తెలుసు. మనిషికి పోటీ ఉండవచ్చు, ఇంత కుళ్ళు ఉండకూడదు.

ఎడమచేతి పిల్లల సంగతి అడిగితే నువ్వు, "వాళ్ళకి కుడి చెయ్యి అలవాటు చెయ్యండి" అన్నావట. ఇంకా మారలేదన్నమాట.

ఇక్కడ నాతో పనిచేసే ఇద్దరు ఆడపిల్లల్ని మానిపించాను. ఒకతె ఏడ్చింది, ఒకతె తిట్టింది. తిట్టినామె నాకు నచ్చింది. నిన్ను చూస్తే నాకు అసహ్యం వేస్తోంది. ఈ మాట ఉత్తరంలో రాయకూడదంటారు, నాకు వేరే చోటు దొరకలేదు.

చెల్లెలు.

పాత కొట్టు,
చలి ముదిరాక.

చెల్లెమ్మకు,

నీ తిట్లు అందాయి. ఓడినవాళ్ళ నోరు పెద్దదని తాత ఊరికే అనలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇప్పుడు ముద్ర మీద పడ్డావు.

అది అలా ఉంచి, ఒక వృత్తి సంగతి అడుగుతున్నాను. సాయం అడుగుతున్నానని అనుకోకు. నీ స్క్రూలు వదులవుతాయా? వదులైతే ఏం చేస్తావు? కొస మీద సుత్తి దెబ్బ వేస్తావా, లక్క పోస్తావా, ఇంకేమైనానా? మా వాటికి బిగింపు నిలవడం లేదని బడిలో ఒకళ్ళిద్దరు గొణుగుతున్నారు. కొత్త వస్తువు మీద గొణుగుడు ఉండేదే. పిల్లలు మోటుగా వాడతారు. బాబాయి మాత్రం, "దాన్ని అడిగి చూడు" అని చంపుకు తింటున్నాడు, అందుకే రాస్తున్నాను.

తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి, అందులో నామోషీ లేదు.

అన్నయ్య.

లేతు షెడ్డు,
తర్వాతి వారం.

అన్నయ్యకు,

ఒకళ్ళిద్దరు గొణగడం కాదు. బడిలో కత్తెరలన్నీ గంపలో పడేసి గదికి తాళం వేశారు. గుడ్డ కోస్తుండగా ఒక పిల్ల కత్తెర రెండు ముక్కలై ఒక అలుగు పాదం మీద పడిందట. చెప్పు ఉండబట్టి సరిపోయింది. ఆ పిల్లే నీ కత్తెర ఒకటి నా దగ్గరికి పట్టుకొచ్చింది. ఎడమచేతి పిల్ల. మొదట్లో నా నమూనాతో కోసి చూసింది కాబట్టి షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది.

వైసు దవడల మధ్య పట్టించి స్క్రూ బిగించబోయాను. బిగించేకొద్దీ ఊడి వస్తోంది. అవతలి వైపు తిప్పాను, బిగిసింది. మీ బావని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని స్క్రూ చుట్టూ తిరిగే గాడి, అదే మర, చూసి, "ఇది ఎడమ మర. బజారులో దొరకదు, పనిగట్టుకుని కోయించాలి" అన్నారు. ముందు నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. ఆ మర ఎక్కడ్నుంచి వచ్చిందో తోచింది.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. కుడిచేతి కత్తెర మూసినప్పుడల్లా అలుగు స్క్రూని ఒక వైపు లాగుతుంది. మామూలు మరకి అది బిగుసుకునే వైపు. ఎడమచేతి కత్తెర అద్దంలో బొమ్మ లాంటిది, అంతా అటుదిటు. అందులో మామూలు మర వేస్తే కోసినప్పుడల్లా వదులవుతుంది. అందుకని నా కత్తెరకి మర కూడా తిరగేసి కోయించాను. నువ్వు ఆ తిరగేసిన మరని కుడిచేతి కత్తెరలో పెట్టావు. ఇక ఆ పిల్లలు కోసినప్పుడల్లా నీ స్క్రూని వాళ్ళే ఊడదీస్తున్నారు. లక్క పోసినా, సుత్తితో కొట్టినా నిలవదు.

నేను అమ్మిన ఎడమచేతి కత్తెర ఒక్కటీ లేదు. కోటు మాస్టారుది కుడిచేతిది. బడికిచ్చిన ఎడమచేతి నమూనా నా పెట్టెలోకి తిరిగొచ్చింది. ఎడమ మర ఉన్న కత్తెర ఇంకొక్కటే ఈ లోకంలో ఉంది. తుప్పు ఆకురాళ్ళు తప్ప ఏమీ లేవని నువ్వు రాసిన సొరుగులోది. అబద్ధం రాసినప్పుడు అది నీ బల్ల మీదే ఉంది కదూ? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఉండలేక, లక్క పోస్తావా అని నన్నే అడిగావు.

కోపంతో రాత్రి అన్నం తినలేదు. తెల్లారాక ఒక సంగతి తోచింది. నేను పుట్టినప్పట్నుంచీ నిన్ను ఎరుగుదును. ఆ కత్తెర పనికిమాలినదైతే నువ్వు దాచేవాడివి కాదు. పంపించేవాడివి, పక్కన ఒక వెటకారం కూడా పెట్టి పంపించేవాడివి. దాచావంటే అది చూస్తే నాకు ఏదో తెలిసిపోతుందని భయపడ్డావు.

దాని మీద పిట్ట ఉందా?

చెల్లెలు.

పాత కొట్టు,
అదే నెల.

చెల్లెమ్మకు,

ఉంది.

కత్తెర ఈ పొట్లంలోనే ఉంది. ముందు ఇది చదివి తర్వాత విప్పు, లేకపోతే నేను చెప్పేది నీ తలకెక్కదు.

నువ్వు వెళ్ళిపోయిన తర్వాతి రోజు నాన్న ముద్ర ఉలి తెమ్మన్నారు. నేనే తెచ్చి ఇచ్చాను. మంచం మీద లేచి కూర్చుని, మోకాళ్ళ మీద దిమ్మ పెట్టుకుని కొట్టారు. చేతులు వణుకుతున్నాయి. ఒక దెబ్బకి పడలేదు, మళ్ళీ కొట్టారు. అందుకే పిట్ట వెనక ఇంకో పిట్ట నీడలా ఉంటుంది. "అది వస్తే ఇవ్వు" అన్నారు. నువ్వు ఆయన పోయాకే వచ్చావు. వచ్చి నా మొహం చూడకుండా వెళ్ళావు. ఎలా ఇవ్వను?

కాదు, ఇవ్వదలచుకోలేదు. ఒక వీధిలో ఒక పిట్ట ఉంటేనే అన్నం పుడుతుంది. రెండు పిట్టలు ఉంటే రెండూ పస్తే. నేను నాన్నతో పాటు ఆ పొగలో కూర్చున్నవాణ్ణి. నువ్వు కొత్త ఊహ ఒకటి పట్టుకుని చక్కా వెళ్ళిపోయావు. కొట్టు ఎవరు నడపాలి? బాబాయికి ఎవరు పెట్టాలి? ఊహలు వచ్చినవాళ్ళకి ఊహలే బరువు. మిగతా బరువు ఉన్నవాళ్ళ మీద పడుతుంది.

స్క్రూ సంగతి. అలుగులు నావే, స్క్రూ ఒక్కటే నీది తీశాను. అది అడ్డం తిరిగి ఉందని నాకూ తెలుసు. నీ రహస్యం అదే అనుకున్నాను. మా వీధి లేతువాడు, "ఇది తిరగేసి ఉంది, ఇలాగే కొయ్యమంటారా?" అని అడిగాడు. అచ్చం ఇలాగే కావాలన్నాను. ఇప్పుడు వాడే వీధంతా చెప్పుకుని నవ్వుతున్నాడు. నీకు చాలా?

ముద్ర గురించి మాత్రం సంబరపడకు. విప్పి చూస్తే నీకే తెలుస్తుంది, అది ముద్ర కిందకి రాదు. మన పిట్ట ఎప్పుడూ పట్టుకున్నవాడి కంటికి ఎదురుగా, కాళ్ళ మీద నిలబడి, అలుగు కొస వైపు చూస్తూ ఉండాలి. నా చిన్నప్పట్నుంచీ నాన్న ఒక్కటి కూడా తప్పు కొట్టలేదు. దీని మీద అవతలి వైపు కొట్టారు. తిప్పి చూస్తే పిట్ట కాళ్ళు పైకి పెట్టుకుని తలకిందులుగా ఉంది. మంచాన ఉన్న మనిషి, మందుల మత్తు, ఏ వైపు కొడుతున్నారో ఆయనకే తెలియలేదు. తెలిసి కొట్టినదాన్ని ముద్ర అంటారు. బాబాయికి ఈ మాటే చెప్పాను. ఆయన మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

నువ్వు న్యాయంగా ఆలోచించు.

అన్నయ్య.

లేతు షెడ్డు,
పొట్లం అందిన రోజు.

అన్నయ్యకు,

చెప్పినట్టే ఉత్తరం ముందు చదివాను. తర్వాత విప్పాను.

బడి మేడం నిన్న కబురు పంపారు. కుడిచేతివీ ఎడమచేతివీ, మొత్తం కత్తెరలు నన్నే చెయ్యమన్నారు. గంపలో ఉన్న నీవి నీకు తిరిగొస్తాయి. వాటికి కుడి మర కోయించి కొత్త స్క్రూలు వేస్తే చక్కగా పనిచేస్తాయి, అలుగులు బాగున్నాయి. వంపు కొట్టింది బాబాయి అని చూడగానే తెలిసింది. ఇది నీ మీద జాలిపడి చెప్పడం లేదు. మంచి వంపు తుక్కులో పోతే నాకు నచ్చదు. అమ్ముకో. నాకు ఎదురుగానే అమ్ముకో, నాకు భయం లేదు. ఆ తిట్టిన అమ్మాయిని, ఏడ్చిన అమ్మాయిని మళ్ళీ పిలిపించాను.

కొట్టు బరువు నీ మీద పడిందన్న మాట నిజం. అది ముందే ఇలా రాసి ఉంటే నేను జవాబు వేరేలా రాసేదాన్ని. నాన్న ఇవ్వమన్నది ఇవ్వకుండా దాచావు. నేను ఇన్నాళ్ళూ ఆయన నన్ను కాదన్నారనుకుని, ఆయన పోయిన రోజున కూడా ఆయన మీద కోపంతోనే ఉన్నాను. ఏడవలేదు. ఆ రోజు నాకు మళ్ళీ రాదు. దీనికి నిన్ను క్షమించను. క్షమించానని ఎవరైనా చెబితే నమ్మకు.

ఇక పిట్ట సంగతి. న్యాయంగా ఆలోచించమన్నావు, ఆలోచించాను.

నువ్వు దాన్ని కుడి చేత్తో పట్టుకుని చూశావు. ఇన్నాళ్ళూ నీ దగ్గర ఉన్నా కుడి చేత్తోనే చూశావు. అలా పట్టుకుంటే పిట్ట అవతలికి పోతుంది. మణికట్టు తిప్పి చూస్తే కాళ్ళు పైకి ఉంటాయి. నేను ఎడమ చేత్తో తీసుకున్నాను. పిట్ట నా కంటికి ఎదురుగా, కాళ్ళ మీద నిలబడి, అలుగు కొస వైపు చూస్తోంది. పాతగుడ్డ ముక్క ఒకటి కోశాను. కొస దాకా ఒకే చప్పుడు, ఎక్కడా ఆగలేదు.

ఏ వైపు కొట్టాలో తెలియాలంటే నాన్న ముందు దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని చూసి ఉండాలి.

చెల్లెలు, మేస్త్రీ.